పైకప్పు విప్పినవాళ్ళు

మార్కు సువార్త రెండో అధ్యాయంలోని పక్షవాతం మనిషి కథను బాగేపల్లి తాలూకాలో చెప్పినంత సులువుగా ఇంకెక్కడా చెప్పలేమేమో. కపెర్నహూములో ఒక ఇంట్లో యేసు బోధిస్తున్నాడు. గడప దాటి వీధిలోకి జనం. కాళ్ళూ చేతులూ పడిపోయిన ఒక మనిషిని నలుగురు మోసుకొచ్చారు. లోపలికి దారి లేదు. ఇంటి పైకెక్కి, కప్పు విప్పి, ఆ సందులోంచి పరుపుతో సహా అతణ్ణి యేసు ముందుకు దించారు. బెంగళూరులో స్లాబు కింద పెరిగిన పిల్లలకు ఈ కథ చెబితే కప్పు ఎట్లా విప్పుతారని అడుగుతారు. మా ఊళ్ళ పిల్లలు ఎప్పుడూ అడగలేదు.

మా పాత మిద్దెలు అట్లాంటివే. రాతి గోడలు. గోడల మీద దూలాలు, వాటి మీద వరసగా దంతెలు, దంతెల మీద సన్న కట్టెపుల్లలు, ఆకు, ఆపైన జానెడు మందం మన్ను. అన్నిటికీ పైన చౌడు. చౌడుమన్ను వాన నీటిని లోపలికి దిగనివ్వదు కాబట్టి తొలకరికి ముందు బండ్ల మీద తోలించి మిద్దె మీద పరిపించేవాళ్ళు. పొగ పోవడానికి, వెలుతురు రావడానికి కప్పులోనే ఒక గవాచి. వాన వస్తే ఎవరో ఒకరు పరిగెత్తి దాన్ని మూయాలి. గోడ పక్కన మెట్లు. చింతపండు, మిరపకాయలు ఎండబెట్టేది మిద్దె మీదే, ఎండాకాలం పడకా అక్కడే. కపెర్నహూములో తవ్వకాలు జరిపినవాళ్ళు బయటపెట్టిన ఇళ్ళూ దాదాపు ఇంతేనట: నల్లరాతి గోడలు, పైన కట్టెలు, గడ్డి కలిపిన మన్ను. లూకా ఇదే కథ చెబుతూ పెంకులు విప్పారన్నాడు. ఆయన గ్రీకు పట్నాలవాళ్ళను మనసులో పెట్టుకుని రాశాడు, వాళ్ళు ఎరిగిన ఇంటినే చూపించాడనుకుంటాను. మాకు మాత్రం మార్కే దగ్గర.

మా అవ్వ చిన్నప్పుడు మిద్దెల మీదికి చౌడు గంపలు మోసిన కూలి. ఒకసారి మా ఇంట్లో ప్రార్థన కూటం జరుగుతుంటే అయ్యగారు ఈ కథ చెప్పి, ఆ నలుగురి విశ్వాసం ఎంత గొప్పదో వివరిస్తున్నారు. అవ్వ మధ్యలో అడిగింది: "అదంతా సరే గానీ అయ్యా, ఆ మిద్దె మళ్ళా ఎవురు కప్పిచ్చిరి?"

అయ్యగారు నవ్వేశారు. సువార్తలో దానికి జవాబు లేదు. ఉంటే బాగుండేది. మట్టి మిద్దె విప్పితే కింద కూర్చున్నవాళ్ళ నెత్తి మీద ఎంత దుమ్ము రాలుతుందో, తిరిగి కప్పడానికి ఎంతమంది కూలీలు కావాలో అవ్వకు తెలుసు. ఆమె అడిగింది వేళాకోళం అనుకోవద్దు, ఖర్చు లెక్క.

ఆ కథలో ఇంకో సంగతి ఉంది. యేసు చూసింది మోసుకొచ్చినవాళ్ళ విశ్వాసాన్ని. మంచం మీద ఉన్నవాడికి విశ్వాసం ఉందో లేదో మార్కు చెప్పడు. అతను రానన్నాడో, తీసుకుపొమ్మని బతిమాలాడో, దారి పొడుగునా విసుక్కున్నాడో తెలియదు. కథ మొత్తంలో అతను ఒక్క మాట మాట్లాడడు. ఉద్యోగం, భర్త, సొంత ఊరు వరసగా దూరమైన కాలంలో నా కన్ను ఈ ఖాళీ దగ్గర ఆగిపోయింది.

మాది తెలుగు ఇల్లు, కన్నడ బడి. ఇక్కడ అందరి సంగతీ అదే. బాగేపల్లి నుంచి కాస్త ఉత్తరానికి పోతే ఆంధ్ర, దక్షిణానికి దిగితే బెంగళూరు. కాగితాల మీద కర్ణాటక, కంచంలో రాగిముద్ద, నోట తెలుగు. బడిలో నేను చెప్పింది కన్నడ పాఠాలు. తెలుగు అక్షరాలు మాత్రం అమ్మ దగ్గర, బైబిలు ముందు పెట్టుకుని నేర్చుకున్నాను. మా ఇంట్లో తెలుగు అచ్చు ఉన్న పుస్తకాలు రెండే: బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. విశాఖపట్నంలో లండన్ మిషన్ వాళ్ళు మొదలుపెట్టిన అనువాదం 1818లో తెలుగు కొత్త నిబంధనగా అచ్చయింది. అదే మిషన్‌కు చెందిన జాన్ హ్యాండ్స్ బళ్ళారిలో కూర్చుని చేయించిన కన్నడ బైబిలు 1831కి పూర్తయింది. రెండూ మా ఇంట్లో ఒకే గూట్లో ఉండేవి. మా నాన్నకు గూట్లో మూడోది కూడా ఉండేది, ఎర్రజెండా పార్టీ కరపత్రాల కట్ట. కమ్యూనిస్టు జి.వి. శ్రీరామరెడ్డిని 1994లో ఒకసారి, 2004లో ఒకసారి అసెంబ్లీకి పంపిన నియోజకవర్గం మాది. పొద్దున కూలిరేట్ల మీటింగుకు, సాయంత్రం ప్రార్థనకు పోవడంలో నాన్నకు ఏ ఇబ్బందీ కనిపించలేదు. నాకూ కనిపించదు.

అరవై నిండి నేను రిటైరైన ఏడే మా ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్. బాగేపల్లిలో తెల్లవారుజామున బస్సెక్కి, పేరేసంద్ర దాటి, చిక్కబళ్ళాపురంలో దిగేవాళ్ళం. హైవే మీద బస్సు బాగానే పరిగెత్తుతుంది, తిరుగు ప్రయాణంలో మాత్రం ఆయన తల నా భుజం మీద వాలిపోయేది. సాయంత్రం మెతుకు సహించేది కాదు. నీళ్ళు కొలిచి తాగాలి. ఎండాకాలంలో కొలత గ్లాసు చేతిలో పెట్టుకుని, దాహమవుతున్న మనిషికి ఇంతేనని చెప్పడం కంటే కష్టమైన పని నేను చేయలేదు.

ఆ రోజుల్లో నా ప్రార్థన ఆగలేదు. బస్సులో, ఆసుపత్రి బెంచీ మీద, వంటింట్లో ఎడతెగకుండా అడుగుతూనే ఉన్నాను. ఆగిపోయింది ఆయన పోయిన తర్వాత. కోపంతో మానేశానని చాలామంది అనుకున్నారు. కోపం ఉంటే దేవుడితో పోట్లాడేదాన్ని, అదీ ఒక ప్రార్థనే. నాకు మాట రాలేదు, అంతే. మోకరిస్తే, ఇంట్లో ఏం సరుకులు అయిపోయాయో గుర్తొచ్చేది. కీర్తనల పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపించేవి, చదివేదాన్ని, మూసేదాన్ని. బైబిల్లోని 150 కీర్తనల్లో 88వది ఒక్కటే చివరిదాకా చీకట్లోనే ఉండి చీకటి మాటతోనే ముగుస్తుంది. మిగతా విలాప కీర్తనలు దాదాపు అన్నీ ఎంత ఏడ్చినా ఎక్కడో ఒక చోట దేవుణ్ణి స్తుతించడానికి తిరుగుతాయి, అది తిరగదు. ఆ కీర్తనను బైబిల్లో ఉంచినవాళ్ళకు నేను రుణపడి ఉన్నాను.

తర్వాత ఇల్లు. నేను ఒక్కదాన్నే బాగేపల్లిలో ఎందుకని పిల్లలు పట్టుబట్టారు. కొడుకు కాపురం చింతామణిలో. చేళూరు మీదుగా సామాను ట్రక్కులో వెళ్ళింది. రెండూ ఒకే జిల్లా, 2007లో కోలారు నుంచి విడదీసిన చిక్కబళ్ళాపురం జిల్లా. మాటా అదే, ముద్దా అదే. అయినా అరవై దాటినాక కొత్త ఊళ్ళో పాల ప్యాకెట్టు ఎక్కడ దొరుకుతుందో వెతుక్కోవడం మొదలుపెట్టినప్పుడు మనిషి తనను తాను గుర్తుపట్టదు. బాగేపల్లి వీధుల్లో నేను 'మిస్సు'ను. ముప్ఫై ఏళ్ళ వయసు మగపిల్లలు బండి ఆపి నమస్కారం పెట్టేవాళ్ళు. చింతామణిలో నేను ఫలానా అబ్బాయి వాళ్ళమ్మను.

మార్పు గురించి ప్రసంగాల్లో ఒక మాట తరచూ వింటాం: లోకంలో అన్నీ మారతాయి, దేవుడు మారడు. నిజమే, కాదనను. పైకప్పు నుంచి దిగుతున్నవాడికి మాత్రం ఆ మాట అంతగా పనికిరాదు. ఇంటి మీదా లేడు, నేల మీదా లేడు, గాల్లో ఊగుతున్నాడు. తాడు పట్టినవాళ్ళలో ఒకరి చేయి జారినా పడిపోతాడు. ఆ కాసేపు అతనికి కావలసింది గట్టిగా పట్టుకున్న చేతులు.

నన్ను పట్టుకున్నవాళ్ళు సంఘంలో స్త్రీల కూటం ఆడవాళ్ళు. నలుగురని చెబితే కథకు చక్కగా అతుకుతుంది గానీ ఒకరోజు ఇద్దరొచ్చేవాళ్ళు, ఒకరోజు ఆరుగురు. ఒకామెది పట్టుపురుగుల మేపు. మల్బరీ ఆకు కోసి, తట్టలు శుభ్రం చేసి, గూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్టుకు పంపి, మిగిలిన పొద్దులో కూటానికి వచ్చేది. ఇంకొకామె టమాటా మండీలో కాయలు ఏరి బాక్సులకెత్తే కూలి. మూడో ఆమె ఆసుపత్రి ఆయా. ముగ్గురిలో ఒకరికే చదవడం వచ్చు. వాళ్ళు వచ్చి నాకు ఓదార్పు వాక్యాలేమీ చదవలేదు.

డిసెంబరు చలి, అనపకాయల కాలం. ఒక సాయంత్రం గంపెడు కాయలు తెచ్చి మా ఇంటి చాప మీద కుమ్మరించారు. మండీలో చవగ్గా దొరికాయట, ఒలవడానికి వాళ్ళ ఇంట్లో జాగా లేదట. నాకు తెలుసు అది సాకు అని. ఒలిచాం. అనపకాయ పచ్చిగా ఉన్నప్పుడు దాని నూనె వేళ్ళకు పడుతుంది, ఆ సొగడు సబ్బుకు లొంగదు. గింజలు రాత్రంతా నానేశాం. మర్నాడు మళ్ళీ వచ్చారు పితకడానికి. నానిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో మిగిలి, పచ్చటి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. కొన్ని గిన్నె దాటి ఎక్కడో పడతాయి. ఒకామె పితికిన పప్పు పోయి పక్కామె చెంపకు తగిలింది. నవ్వాం. నేను కూడా నవ్వాను. ఇంట్లో కోడలు వంటింట్లోంచి తొంగి చూసింది.

లేచేముందు పెద్దామె అడిగింది: "ఏం ప్రార్థన చేసేదిమా?"

"నాకేం తోచట్లేదక్కా."

"తోచకుంటే పోనీలే, నువ్వు కూకో. మేము చేస్తాం."

పట్టుపురుగులామె ఒక కీర్తన ఎత్తుకుంది. శ్రుతి లేదు, రెండో చరణం మర్చిపోయి మొదటిదే మళ్ళీ పాడింది. మండీ ఆమె పొద్దుననగా లేచిందేమో, కళ్ళు మూసుకుని నిజంగానే కునికింది. నాలుగు మాటలు ప్రార్థించి, పప్పులో సగం నాకు వదిలి వెళ్ళిపోయారు. ఆ పద్ధతి కొన్ని నెలలు నడిచింది. నేను నోరు తెరవలేదు, వాళ్ళు తెరవమనలేదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది కూడా చూశాను. ఎక్కడి నుంచో ప్రసంగానికి వచ్చిన ఒకాయన పరామర్శకని మా ఇంటికి వచ్చి, మీ విశ్వాసం చాలలేదమ్మా, చాలి ఉంటే అయ్య బతికేవాడు అన్నాడు. మర్యాదగా కాఫీ ఇచ్చి పంపాను. ఫోన్లో వీడియోలు చూస్తే ఇదే బోధ ఇప్పుడు రోజుకు ఇరవై నాలుగు గంటలూ దొరుకుతుంది. విశ్వాసం అంటే ఒక మనిషి గుండెలో పుట్టే శక్తి, అది తగినంత ఉంటే రోగం పోతుంది, అప్పు తీరుతుంది, లేకుంటే తప్పు నీదే. ఈ లెక్కకు కపెర్నహూము మనిషి లొంగడు. అతని విశ్వాసం ఎంతో ఎవరూ కొలవలేదు. అతని కోసం నమ్మినవాళ్ళు పైన మిద్దె మీద ఉన్నారు, చేతులు మన్ను కొట్టుకుని.

ఈ విషయం నాకంటే పెద్దవాళ్ళు నాకంటే బాగా చెప్పారు. జర్మనీలో హిట్లర్‌ను ఎదిరించిన పాస్టరు డీట్రిష్ బాన్‌హోఫర్ ఫింకెన్‌వాల్డే అనే చోట ఒక చిన్న వేదపాఠశాల నడిపాడు. 1937లో గెస్టపో దాన్ని మూసేసింది. ఆ కలిసి బతికిన రోజుల గురించి రాసిన చిన్న పుస్తకం 1939లో వచ్చింది. అందులో ఆయన వాదన ఇది: నా గుండెలో ఉన్న క్రీస్తు మీద నాకు అనుమానం రావచ్చు, నా సోదరుడి నోటి మాటలో ఉన్న క్రీస్తు అంతకన్నా గట్టివాడు, అందుకే మనిషికి మనిషి కావాలి. 1945 ఏప్రిల్‌లో ఆయన్ని ఉరితీశారు. మదర్ థెరిసా సంగతి ఇంకో రకం. ఆమె పోయిన పదేళ్ళకు, 2007లో ఆమె ఉత్తరాలు పుస్తకంగా వచ్చినప్పుడు లోకం తెల్లబోయింది. దశాబ్దాల తరబడి ఆమెకు ప్రార్థనలో దేవుడు ఉన్నట్టే తోచలేదట. అయినా తెల్లారి లేచి పూజకు కూర్చుంది, రోగుల దగ్గరికి పోయింది. ఆ పుస్తకం చూపించి ఆమె విశ్వాసం బూటకమన్నవాళ్ళున్నారు. నాకు మాత్రం అది చదివాక ఊపిరి ఆడింది.

మా ప్రాంతంలో ఈ విశ్వాసం వచ్చిన దారి చూసినా మోసినవాళ్ళే కనిపిస్తారు. 1876-78 నాటి ధాత, ఈశ్వర సంవత్సరాల కరువు గురించి అవ్వ తన అవ్వ దగ్గర విన్న ముక్కలు చెప్పేది. 1871 జనాభా లెక్కల్లో మైసూరు సంస్థానంలో యాభై లక్షల పైన మనుషులున్నారు. 1881 లెక్కలకు ఆ సంఖ్య నలభై రెండు లక్షల దగ్గరికి పడిపోయింది. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి అన్నీ ఆనాటి కోలారు జిల్లావే, కరువు గట్టిగా కొట్టిన జిల్లాల్లో అదొకటి. దిక్కులేని పిల్లల్ని చేరదీసి కోలారులో లూయిసా ఆన్‌స్టీ అనే ఇంగ్లీషామె అనాథాశ్రమం నడిపింది. 1890లో ఆ పనిని అమెరికా మెథడిస్టులకు అప్పజెప్పింది. మా చిక్కబళ్ళాపురంలో లండన్ మిషన్ వాళ్ళు వార్డ్‌లా థాంసన్ పేరు మీద పెట్టిన ఆసుపత్రి వందేళ్ళు దాటి ఇప్పుడు సి.ఎస్.ఐ. ఆసుపత్రిగా ఉంది. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళలో హిందువులు, ముసల్మానులు, క్రైస్తవులు తేడా లేకుండా ఎంతోమంది మొదటి ఏడుపు అక్కడే ఏడ్చారు.

గంజి కోసం మతం మారినవాళ్ళ మనవళ్ళని మమ్మల్ని వెక్కిరించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఒంగోలులో జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ ఇదే నింద వస్తుందని ముందే ఊహించాడు. కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని మాదిగ పల్లెలకు కూలి పని చూపించాడు, సాయం అందుతున్నంత కాలం మాత్రం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు తగ్గాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది మునిగారు. గంజి అప్పటికి అయిపోయింది, జనం మాత్రం వచ్చారు. క్లౌ జాగ్రత్త మెచ్చుకోదగిందే. అయినా నా అభిప్రాయం కొంచెం వేరు. చావబోతున్న పిల్ల నోట్లో గంజి పోసిన చేయి ఎవరిదని పెద్దయ్యాక ఆ పిల్ల అడిగితే, ఆ చేతి వెనకున్న దేవుడెవరని ఆరా తీస్తే, అందులో సిగ్గుపడవలసింది ఏముందో నాకు తెలియదు. మోసుకొచ్చినవాళ్ళ విశ్వాసం చూసి నమ్మినవాళ్ళు వాళ్ళు. కపెర్నహూము నుంచీ ఇదే దారి.

అందరూ అట్లా రాలేదు, అదీ చెప్పాలి. పర్లాకిమిడి వైపు బ్రాహ్మణ కుటుంబంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి ముప్ఫై ఏళ్ళ వయసులో, 1833లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన్ని ఎవరూ గంజితో పిలవలేదు. చేతిలో ఉన్న మర్యాదను వదులుకుని వెళ్ళాడు. ఆయన రాసిన కీర్తనలు ఈనాటికీ మా పుస్తకంలో ఉన్నాయి. చదువురాని పట్టుపురుగులామె నోటికి వచ్చినంత పాడేది వాటినే. దాదాపు రెండు వందల ఏళ్ళ కిందట తన జీవితాన్ని తలకిందులు చేసుకున్న మనిషి పాట, రెండో చరణం లేకుండా మా చాప మీదికి వచ్చింది.

చింతామణిలో ఉంటూ మా వాళ్ళే మోశారని చెబితే అబద్ధమవుతుంది. ఈ ఊరికి ఒక పక్క మురుగమల్ల దర్గా, ఇంకో పక్క కైవారం. అమ్మాజాన్ బావాజాన్ దర్గాకు ఏ మతంవాళ్ళు వెళ్తున్నారో బస్సులో చూసి చెప్పలేం. కైవారం తాతయ్య సంగతి ఇక్కడ పసిపిల్లలకూ తెలుసు. 1726లో పుట్టి 110 ఏళ్ళు బతికాడంటారు. గాజులు అమ్ముకునే గృహస్థు. దారిలో కలిసిన ఒక సాధువు నోట్లో గులకరాయి పెట్టి, అది కలకండ అయ్యేదాకా జపం చెయ్యమన్నాడట. ఆ తర్వాత ఆయన గాజుల మలారం వదిలి తెలుగులో, కన్నడంలో తత్వాలు చెప్పాడు. మా పక్కింటి పెద్దాయన తెల్లవారుజామున ఆ తత్వాలు పాడుకుంటాడు. ఆయన భార్య, నేను ఈ ఇంటికి వచ్చిన మొదటి వారమే గిన్నెతో బస్సారు పంపింది. నా మతం ఏదో ఆమెకు తెలుసు, ఆమెది నాకు తెలుసు. నేను యేసును తప్ప ఇంకొకరిని ప్రభువనను, ఆ విషయంలో నాకు తడబాటు లేదు. కానీ ఆకుకూర నీళ్ళు కాచి, కారం నూరి, గిన్నె మీద మూత పెట్టి పంపిన చేతిని తాడు పట్టిన చేతుల లెక్కలోంచి తీసేయమంటే తీయలేను.

మోయడంలోనూ చిక్కులున్నాయి. 'ప్రార్థన అంశం' అనే పేరుతో ఒక ఇంటి గుట్టు ఊరంతా తిరిగిన సందర్భాలు మా కూటానికీ కొత్త కాదు. ఫలానా వాళ్ళ అమ్మాయి కోసం ప్రార్థించండి, కారణం మాత్రం అడగొద్దు అంటే చాలు, ఆ రాత్రికి కారణం అందరికీ తెలిసిపోతుంది. ఇంకొందరు మోస్తున్నామనే పేరుతో దించడం మరిచిపోతారు. విధవ అంటే ఇట్లాగే ఉండాలి, ఇంత తెల్లచీర, ఇంత మౌనం అని తీర్మానిస్తారు. నేను పూలచీర కట్టుకుని ఆరాధనకు వెళ్ళిన ఆదివారం ఒకామె కళ్ళు చీర మీదే ఉన్నాయి. మోసుకొచ్చిన నలుగురికీ ఒక మంచి గుణం ఉంది: యేసు ముందుకు దించాక వాళ్ళు కథలోంచి తప్పుకున్నారు. లేచి నీ పరుపెత్తుకుని ఇంటికి పో అని యేసు అతనికే చెప్పాడు. అతను తన పరుపు తనే ఎత్తుకున్నాడు.

నాకు పరుపెత్తుకునే పని నాడకచేరి అనే ఇక్కడి సర్కారు ఆఫీసులో దొరికింది. స్త్రీల కూటంలోని ఒక చిన్నవయసు ఆమె భర్త చనిపోయాడు. వితంతు పింఛనుకు అర్జీ పెట్టాలి. మరణ ధ్రువపత్రం, ఆధారు, బ్యాంకు పాసుబుక్కు, ఆదాయ ధ్రువపత్రం, ఒకదాంట్లో పేరు కన్నడంలో ఒక తీరు, ఇంకోదాంట్లో ఇంకో తీరు. ఆమె ఆ కాగితాలన్నీ పసుపు రంగు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఎక్కడికి పోవాలో తెలియక మా ఇంటికి వచ్చింది. ఉద్యోగమంతా నేను నింపినవి ఇట్లాంటి కాగితాలే. కన్నడంలో అర్జీ రాశాను. క్యూలో నిలబడ్డాం. సర్వర్ లేదన్నారు, మర్నాడు రమ్మన్నారు. మర్నాడు వెళ్ళాం. ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆమె నన్ను అడిగింది: "మిస్సూ, ఏమన్నా ప్రార్థన చెయ్యండి." చింతామణిలో నన్ను 'మిస్సు' అని పిలిచిన మొదటి మనిషి ఆమె. ప్రార్థన చేశాను. పెద్దదేం కాదు, ఆమె పేరు ఒకటి, సర్వర్ ఒకటి. ఆమె "ఆమేన్" అంది. నేనూ అన్నాను.

ఏదో తిరిగి వచ్చిందనీ, పాత విశ్వాసం పాత రూపంలో దొరికిందనీ చెప్పలేను. రిటైరవకముందు నా ప్రార్థనలో పొడుగు మాటలు, గట్టి నమ్మకాలు ఉండేవి. ఇప్పటిది పొట్టిది. ఆయన కుర్చీ చూస్తే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. బాగేపల్లి మిద్దెను అమ్మేశాం, కొన్నవాళ్ళు పడగొట్టి స్లాబు వేస్తున్నారట. దంతెలు కట్టెల అడితికి పోతాయి. చౌడుమన్ను ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు.

అవ్వ ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఒకటుంది. ఆ మిద్దెను ఆ నలుగురే కప్పి ఉంటారు, ఐదోవాడు కూడా గంప అందుకుని ఉంటాడు. సువార్తలో లేదు కాబట్టి ఇది నా మాటగానే తీసుకోండి.

ఇక మీకు ఒక విన్నపం. మీ సంఘంలో ఎప్పుడూ వచ్చే మనిషి వరసగా రెండు ఆదివారాలు కనిపించకపోతే వాట్సాప్‌లో వాక్యం పంపి ఊరుకోకండి. ఇంటికి వెళ్ళండి. చేతిలో ఏదో ఒక పని పట్టుకెళ్ళండి, అనపకాయలైనా సరే, ఏరాల్సిన బియ్యమైనా సరే. ఆ మనిషి ప్రార్థన చెయ్యలేనంటే చెయ్యమని బలవంతపెట్టకండి, మీరు చేసి రండి. చింతామణిలో ఉండేవాళ్ళయితే మా స్త్రీల కూటం గురువారం సాయంత్రాలు జరుగుతుంది. కుర్చీలు తక్కువ, చాపలున్నాయి.